ఇంకో కట్ట పడెయ్యండి!

అటక మీద రెండేళ్లకి సరిపడా ఆకు ఉంటుంది. వంటింటి దూలానికి మరో రెండు కట్టలు వేలాడుతుంటాయి. అయినా సరే, లంక దాటి రేవుకొచ్చిన కొత్త ఆకు ఎదురుపడితే గోదావరి జిల్లాల చుట్టరాయుడు దాన్ని చూసీ చూడనట్టు పోలేడు. ఒక ఆకు లాగి వేళ్ల మధ్య నలుపుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. చిన్న ముక్క చుట్టి నిప్పంటించి, పొగ సంగతి తర్వాత, ముందు బూడిద రంగు చూస్తాడు. ధర దగ్గర కాసేపు గునుస్తాడు. చివరికి వచ్చే మాట ఒకటే: ‘ఇంకో కట్ట పడెయ్యండి!’ ఇంటికెళ్లాక భార్య ‘ఉన్నదంతా ఏం చేసుకుంటారండీ?’ అంటుంది. ‘ఉంటే చెడిపోద్దేంటి?’ అంటాడు.

చెడిపోతుంది. శ్రావణమాసం ముసురుకి బూజు పడుతుంది. పురుగు తింటుంది. రోహిణి కార్తె ఎండకి పట్టుకుంటే పొడైపోతుంది. ఈ సంగతి కొన్నాయనకి అందరికంటే బాగా తెలుసు. తెలిసీ కొంటాడు. చుట్ట కాల్చాలన్న యావ ఒకటి, పొగాకు పోగెయ్యాలన్న యావ ఇంకొకటి. రెండూ ఒక మనిషిలోనే కాపురముంటాయి గనక మనం ఒకటే అనుకుంటాం. మొదటిదాన్ని నికోటిన్ మీదకి నెట్టేయొచ్చు. రోజుకి మూడు చుట్టలు కాల్చేవాడికి ఇంట్లో మూడు చుట్టల ఆకుంటే నికోటిన్ ఊరుకుంటుంది. మిగతా కట్టలు ఎవరికోసం? ఆ రెండో యావ మూలం మనిషి ఒంట్లో లేదు, గోదావరిలో ఉందని నాకు అనిపిస్తుంది. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే పంట, ఒక లంక ఆకుకి ఇంకో లంక ఆకుకి కలవని రుచి, వచ్చే ఏడు ఏ లంకని ఉంచుతుందో ఏ లంకని కోస్తుందో చెప్పని నది. ఈ మూడూ కలిసి మనిషికి దాచడం నేర్పాయి. ఆ అవసరం తీరిపోయినా చెయ్యి మాత్రం దాచడం మానలేదు.

ఎర్రనీళ్లు తీశాక

లంకంటే నది నడుమ నది కట్టిన నేల. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన ఆనకట్ట డెల్టాకి కాలవలిచ్చింది గానీ, లంకల వ్యవసాయం మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది. వర్షాకాలంలో ఎర్రనీళ్లు వచ్చి లంకని ముంచుతాయి. తీసేటప్పుడు ఒండ్రు పరిచి పోతాయి. దసరాలు దాటాక, కాలు దిగబడని అదను చూసి పొగాకు నారు వేస్తారు. మొదటి రోజుల్లో మొక్క మొక్కకీ నీళ్లు మోసి పోయాలి. వేరు దిగితే ఆ తర్వాత ఒండ్రులోని చెమ్మే పోషిస్తుంది. మొక్క పువ్వుకి రాబోతుంటే తల తుంచుతారు, పక్కన వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేస్తారు. పువ్వుకీ గింజకీ పోవలసిన సత్తువంతా ఆకులోకి దిగుతుంది. ఆకు దళసరిగా, జిగురుగా తయారవుతుంది. ఆ తోటలో పొద్దుటినుంచీ పనిచేసినవాళ్ల చేతులకి పట్టిన నల్లటి జిగురు సబ్బుకి లొంగదు.

కోసిన ఆకుని నీడపట్టున వేలాడదీసి ఆరబెట్టడం ఒక ఎత్తు. ఆరాక పేర్చి మండె వెయ్యడం ఇంకో ఎత్తు. తెల్లవారుజామున మంచుకి ఆకు పదునెక్కితేనే ముట్టుకోవాలి, ఎండెక్కితే చిట్లిపోతుంది. పేర్చిన ఆకు లోపల్లోపల వేడెక్కుతుంది. అనుభవమున్నవాళ్లు చెయ్యి దూర్చి వేడి చూసి, మండె విప్పి, పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ పేరుస్తారు. లేకపోతే నడిమి ఆకు కమిలిపోతుంది. ఈ ఊరడంలో అమ్మోనియా ఎగిరిపోతుంది, పచ్చి ఘాటు చస్తుంది, రంగు ముదురుతుంది, వాసన నిలబడుతుంది. ఆవకాయ కలిపిన రోజే తినేవాడికి దాని సంగతి తెలియనట్టే, కోసిన ఏడాదే కాల్చేవాడికి ఆకు సంగతి తెలియదని పాతకాలపు చుట్టరాయుళ్ల లెక్క. అందుకని ఏ కాలంలో చూసినా ఇంట్లో రెండు రకాల ఆకు ఉండి తీరాలి: ఈ ఏడు కాల్చేది, వచ్చే ఏటికి ఊరుతున్నది. అంటే మొదటి నిలవ దురాశ కాదు, పద్ధతి.

మూడో కట్ట దగ్గర మొదలవుతుంది అసలు తంటా. పొగాకు నేల గుణాన్ని దాచిపెట్టలేని మొక్క. నేలలోగానీ నీళ్లలోగానీ క్లోరైడ్లు ఎక్కువైతే ఆకు సరిగ్గా మండదు, మాటిమాటికీ ఆరిపోతుంది. పొటాష్ బాగా అందిన ఆకు నిలకడగా కాలి తెల్లటి బూడిదనిస్తుంది. కొనేవాడు ముందు బూడిదే చూడటం వెనక ఉన్న రసాయన శాస్త్రం ఇదే. వాడికి ఆ మూలకాల పేర్లు తెలియవు, ఫలానా లంకలో ఫలానా రైతు ఆకు ‘ఆరదు’ అని తెలుసు. అలా ఒకసారి నమ్మకం కుదిరాక మనిషి ఇంకో ఆకు ముట్టడు. మరి ఆ లంక వచ్చే ఏటికి ఉంటుందా? 1986 ఆగస్టులో వచ్చిన వరదకి భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. అంత నీరు వచ్చి వెళ్లాక ఒండ్రు పడాల్సిన చోట ఇసక మేట వేయొచ్చు. లంక అంచు ఎకరాలకెకరాలు కోసుకుపోవచ్చు. నది దయతలిచి ఒండ్రే ఇచ్చినా, పోయిన ఏడు పొగాకు వేసిన రైతు ఈ ఏడు అరటి వెయ్యొచ్చు. ఇవన్నీ మనసులో మెదిలేవాడు మంచి ఆకు దొరికిన ఏడు ఒక కట్టతో ఎలా ఆగుతాడు?

బూడిద చూసి చెప్పిన డిటెక్టివ్

ఆ బూడిద ఖ్యాతి లండన్ దాకా పోయింది. 1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ తాను పొగాకు బూడిదల మీద ఒక చిన్న పుస్తకం రాశాననీ, 140 రకాల బూడిదలు చూసి ఇది ఫలానాదని చెప్పగలననీ వాట్సన్ దగ్గర గొప్పలు పోతాడు. హంతకుడు ‘లంకా’ కాల్చేవాడని తేలితే వెతకాల్సిన మనుషులు ఎంత తగ్గిపోతారో చూడమంటాడు. ఆ లంకా మన లంకే. అంతకు నాలుగేళ్ల ముందు, 1886లో, యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చగా అచ్చయిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువులో గోదావరి డెల్టా లంకల్లో పండే ఆకుతో చుట్టే ఘాటైన చుట్ట అని దానికి అర్థం రాసే ఉంది. ఆ నవల రాసిన కానన్ డాయల్ ఈ ఒడ్డున కాలు పెట్టినవాడు కాదు. లంక చుట్ట పేరు మాత్రం అప్పటికే అక్కడ పాఠకుడికి విడమర్చి చెప్పక్కర్లేనంత చలామణీలో ఉందన్నమాట.

మన కథకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. హోమ్స్ కాల్చేది ప్రధానంగా పైపు. ఆయనకీ నిలవ జబ్బే. పైపు పొగాకుని పర్షియా చెప్పు ముక్కులో కుక్కి పెట్టుకునేవాడు, చుట్టల్ని బొగ్గులబుట్టలో దాచేవాడు. ముందురోజు పైపుల్లో మిగిలిన మసిముక్కల్ని ఆరబెట్టి, పొద్దున్నే అవే మళ్లీ దట్టించి కాల్చేవాడు. డబ్బుకి ఇబ్బందిపడి కాదు. అయిపోతుందేమోనన్న బెంగ ఉన్నవాడే పీక కూడా పారేయలేడు. మన పల్లెల్లో సగం కాల్చి చెవి మీద పెట్టుకున్న చుట్టపీకదీ అదే వంశం.

తెలుగు సాహిత్యంలో చుట్టకి ఇంతకంటే పెద్ద పీటే పడింది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో మళ్లీ వచ్చింది. అందులో గిరీశం దగ్గర వెంకటేశం ఖాయంగా నేర్చుకున్న విద్య చుట్ట కాల్చడమే. పొగాకు పుట్టుకని గరుత్మంతుడు తెచ్చిన అమృతంతో ముడిపెట్టే పద్యం ఆ నాటకం నుంచే ఊళ్లు పట్టింది. గిరీశం మాత్రం నిలవ చేసే రకం కాదు. ఆయనది ఎదుటివాడి జేబు మీద ఆధారపడిన పొగ. నిలవకి చూరున్న ఇల్లు కావాలి, అటక కావాలి, అరువివ్వని స్వభావం కావాలి.

చుట్టతో పాటు ఆకూ సముద్రం దాటింది. కాకినాడ రేవు నుంచి లంక పొగాకు రంగూన్‌కి ఓడల్లో పోయేది. బర్మా చుట్టల్లోకి ఈ ఆకు కావాల్సొచ్చేది. పక్కనే ఉన్న పాత రేవు కోరంగి పేరుమీదనే అక్కడ తెలుగువాళ్లని కోరంగీలని పిలిచేవారు. అదే ఓడల్లో కూలికి పోయినవాళ్ల మూటల్లోనూ ఊరి ఆకు ఉండేదని అనుకోవడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు. 1942లో జపాన్ సేనలు రంగూన్ పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది.

ఇంట్లో ఎంత ఉంది?

యుద్ధం ఇంకో పనిచేసింది. ఖజానా నింపుకోవడానికి 1943లో బ్రిటిష్ ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. సిగరెట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి లెక్కేస్తే సరిపోయే సుంకం కాదది, ఆకు మీదే సుంకం. అంటే పండించే ప్రతి రైతూ లెక్కలోకి రావాలి. ఎంత వేశావు, ఎంత పండింది, ఎవరికి అమ్మావు, ఇంట్లో ఎంత ఉంచుకున్నావు అని అడిగే ఉద్యోగులు ఊళ్లలోకి దిగారు. సొంత వాడకానికి ఉంచుకునే ఆకుకీ హద్దొచ్చింది. అప్పటిదాకా గాదెలో ధాన్యంతో సమానంగా కనబడ్డ కట్ట ఒక్కసారిగా దొంగసొత్తులా కనబడటం మొదలైంది.

దాచుకోవద్దంటే దాచుకోవాలనిపించడం మనిషి గుణం. అటక మీది కట్ట గడ్డివాములోకి పోయింది, అక్కడినుంచి బియ్యం బస్తా వెనక్కి పోయింది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ సుంకం పోలేదు. 1979 బడ్జెట్‌లో ముడి పొగాకు మీద దాన్ని ఎత్తేసేదాకా 36 ఏళ్లు నడిచింది. ఒక తరం మొత్తం పొగాకుని చూసిన చూపులో ఈ భయం కలిసిపోయింది. డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దలు కొందరు ఇప్పటికీ తమ దగ్గరున్న ఆకు ఎంతో నిజం చెప్పరు. అడిగితే ‘ఏదో పండక్కి సరిపడా ఉందండీ’ అంటారు. అటక ఎక్కి చూస్తే నాలుగు పండగలు దాటేంత ఉంటుంది.

సీసాల్లో దాచేవాళ్లు

పైపు ఈ డెల్టాలో వేరూనలేదు. దొర కలెక్టర్లు, ఇంజనీర్లు, వాళ్లని చూసి కొందరు ప్లీడర్లు కాల్చారేమోగానీ ఊళ్లోకి రాలేదు. నిజానికి మనదేశంలో పొగాకు గురించి చెప్పుకునే తొలి ముచ్చట పైపుదే. 1604-05 ప్రాంతంలో బీజాపూర్ నుంచి తిరిగొచ్చిన అసద్ బేగ్ అనే కొలువు ఉద్యోగి రత్నాలు పొదిగిన గొట్టంతో ఒక పైపుని అక్బర్ పాదుషా ముందు పెట్టాడు. హకీం వద్దన్నా పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగాడు. అసద్ బేగ్ పొగాకు కూడా బోలెడు మోసుకొచ్చాడు. దర్బారులో పెద్దలందరూ మనుషుల్ని పంపి కొంచెం కొంచెం అడిగి తెప్పించుకున్నారు, ఆ తర్వాత వర్తకులు అమ్మకానికి తెచ్చారు. 1617లో జహంగీర్ వద్దని హుకుం వేసేనాటికి అది వదిలే అలవాటు కాదు.

ఇప్పుడు పైపు పొగాకు పోగెయ్యడంలో ప్రపంచానికి అమెరికావాళ్లు పెద్దలు. రేకు డబ్బాలు వందల్లెక్కన కొంటారు. విడి పొగాకుని గాజు సీసాల్లో గాలి చొరకుండా మూతపెట్టి, మీద తేదీ రాసి, నేలమాళిగలో వరసలు పేరుస్తారు. వర్జీనియా ఆకుతో చేసిన మిశ్రమం ఐదేళ్లు, పదేళ్లు ఊరితే తియ్యబడుతుందని వాళ్ల నమ్మకం, అది పూర్తిగా వట్టి మాటేం కాదు. తమ కొనుగోలు పిచ్చికి వాళ్లే సరదాగా వైద్య పరిభాషలో ఒక రోగం పేరు కూడా పెట్టుకున్నారు. ఆ పిచ్చికి నిప్పు రాజేసింది కొరత భయమే. 2016లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పైపు పొగాకుని కూడా తన అదుపులోకి తెచ్చుకుంది. 2018లో కేన్సస్ సిటీలోని మెక్లెలాండ్ కంపెనీ, తమకి కావాల్సిన నాణ్యతలో ఆకు దొరకడం లేదని చెప్పి మూసేసింది. అదే ఏడు డన్‌హిల్ పైపు పొగాకు ఆపేస్తున్నట్టు కబురొచ్చింది. దొరికిన డబ్బాలన్నీ ఊడ్చి కొన్నారు. మర్నాటినుంచి వాటి ధర పెరిగింది. పెరిగాక కాల్చడానికి చెయ్యి రాలేదు. తాగడానికి కొన్నది తాగలేనంత ఖరీదైపోవడం దాచుకునేవాడికి పడే శిక్షల్లో విచిత్రమైనది.

లంక మనిషికీ సీసాల మనిషికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. అతను బ్రాండు పోతుందని కొన్నాడు, ఇతను నేల పోతుందని కొన్నాడు. అతని నిలవకి అమ్మకపు ధర ఉంది, ఇతని నిలవకి లేదు. మూడేళ్లు అటక మీదున్న లంక ఆకుకి సంతలో ఎక్కువ ఇచ్చేవాడు పుట్టలేదు.

ఆ డబ్బాల్లోని వర్జీనియా జాతి ఆకుని పండించే నేల కూడా మన దగ్గరే ఉంది. డెల్టా దిగువన కాదు, మెట్టలో. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి వేలం కేంద్రాల చుట్టూ తేలిక నేలల్లో పండే ఆకుని బ్యారన్లలో వేడిగాలికి పసుపుపచ్చగా కాలుస్తారు. గుంటూరులో పొగాకు బోర్డు 1976లో మొదలైంది, ఆంధ్రలో వేలం పద్ధతి 1985లో వచ్చింది. రాజమహేంద్రవరంలో 1947లో పెట్టిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఈ ఆకుకీ లంక ఆకుకీ కూడా రకాలు తయారుచేసింది. ఈమధ్యే అది వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థగా పేరు మార్చుకుని పసుపు, మిరప, ఆముదం వైపు కూడా చూస్తోంది. అనపర్తిలోని ఐటీసీ కర్మాగారంలో ఆకుని ఈనె తీసి, సరైన చెమ్మ దగ్గర ఆపి పెట్టెల్లోకి దట్టిస్తారు. సిగరెట్‌గా మారే ముందు ఏడాదో రెండేళ్లో గోదాములో ఊరబెట్టడం ప్రపంచమంతా ఆ పరిశ్రమ పద్ధతి. కంపెనీ చేస్తే దాని పేరు సరుకు నిర్వహణ, తాతయ్య చేస్తే పిచ్చి.

అటక శాస్త్రం

పిచ్చిలో కూడా పనితనం ఉంటుంది. వంటింటి పైకప్పు కింద కట్టల్ని వేలాడదీయడం ఊరికే కాదు. కట్టెలపొయ్యి రోజుల్లో ఆ పొగ, ఆ వెచ్చదనం వానాకాలం చెమ్మని ఆకు దగ్గరకి రానిచ్చేవి కావు. పొగాకు గాల్లో నీటిని పీల్చి మెత్తబడే ఆకు, ఎండకి వదిలేసే ఆకు. ఏడాది పొడుగునా ఈ రెంటి మధ్యా దాన్ని నిలబెట్టాలి. అందుకని తాటాకు చాపలో చుట్టడం, చుట్టినదాన్ని నేలకి తగలనీయకపోవడం, మృగశిర కార్తెకి ముందే ఒకసారి విప్పి గాలి తగిలించి కట్టెయ్యడం. కొందరు బెల్లంనీళ్లు చిలకరిస్తారు. ఆ పని అతిగా చేస్తే బూజుకి విందు పెట్టినట్టే. గ్యాసు పొయ్యిలొచ్చి పొగ పోయాక, డాబాలొచ్చి అటకలు పోయాక ఈ చదువంతా ప్లాస్టిక్ సంచి మూతి బిగించడం దగ్గర ఆగిపోయింది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మతో బిగిసిన ఆకు రెండు వారాల్లో బూజెక్కుతుంది.

అసలు శత్రువు పురుగు. గోధుమరంగులో, ఆవగింజకంటే కాస్త పెద్దదిగా ఉండే ఈ పొగాకు పెంకుపురుగుకి లోకంలోని అన్ని గోదాములూ తెలుసు. నికోటిన్ ఇతర పురుగులకి విషం. దీన్ని మాత్రం ఏమీ చెయ్యదు. ఆకు మీద గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆకునీ చుట్టనీ సొరంగాలు తవ్వుకుంటూ తింటాయి. బొక్కపడ్డ చుట్ట మధ్యలో గాలి లాగి సరిగా కాలదు. ఒక కట్టలో దూరితే పక్క కట్టలోకి పోవడానికి ఆట్టే రోజులు పట్టదు గనక, ఎక్కువ దాచినవాడికి ఎక్కువ నష్టం. సీసాలవాళ్లు పురుగు భయానికి పొగాకుని డీప్‌ఫ్రీజర్లో పెట్టి తీస్తారు. మన దగ్గర ఆకు దులపడం, ఎండలో పరవడం, తిట్టుకోవడం.

కట్ట అయ్యాక మానేస్తా

లంక ఆకు మగవాళ్ల సొత్తనుకుంటే పొరపాటు. తమలపాకులో కాడ పెట్టుకునే ఆడవాళ్ల పొగాకు కూడా ఆ కట్టలోంచే రావాలి. ఉత్తరాన విశాఖ, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్టని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ తరాల నాటిది. గాలికి ఆరదు, చేతిలో పని ఆగదు, పొగ బయటికి కనబడదు. దాని ఖరీదు వైద్యులు లెక్కకట్టారు. ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న ముడిని 1957లోనే కోస్తాంధ్ర రోగుల ఆధారంగా వైద్య పత్రికలో రాశారు. 1971లో వచ్చిన మరో అధ్యయనం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించింది. అందులో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ కాల్చేవాళ్లేనని తేలింది. తిన్నగా కాల్చినా, నమిలినా, ముక్కుపొడుంగా పీల్చినా పొగాకు క్షమించే సరుకు కాదు. ఇందులో చర్చకేమీ లేదు.

నిలవ చేసే హాని ఇంకొకటి ఉంది, దాన్ని ఏ ఆసుపత్రి లెక్కా పట్టుకోదు. రోజువారీ కొట్లో కొనేవాడికి మానేసే అవకాశం రోజుకోసారి వస్తుంది. కొట్టు మూసి ఉండొచ్చు, జేబులో చిల్లర లేకపోవచ్చు, వాన పడుతుండొచ్చు. అటక నిండా ఉన్నవాడికి అలాంటి రోజే రాదు. డాక్టరు గట్టిగా చెప్పినప్పుడు అతని జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘ఆయ్, ఈ కట్ట అయ్యాక మానేస్తానండి.’ కట్ట అవదు. అయ్యేలోపు కొత్త ఆకు రేవుకొస్తుంది. ఉన్నది పారెయ్యమంటే డబ్బు పోసి కొన్నదని మొరాయిస్తాడు, ఎవరికైనా ఇచ్చెయ్యమంటే ఎదుటివాడి ఆరోగ్యం గుర్తొస్తుంది. నికోటిన్‌ని వదిలించే బిళ్లలూ బంకలూ ఉన్నాయి, తాటాకు చాపని వదిలించే మందు లేదు. మానదలుచుకున్నవాళ్ల ఇంట్లో కొడుకులూ కూతుళ్లూ మొదట చెయ్యాల్సిన పని ఉపన్యాసం కాదు, నిచ్చెన వెయ్యడం.

లంకల్లో పొగాకు ఇప్పుడు తగ్గింది. కూరగాయలు, అరటి, మొక్కజొన్న దాని చోటు తీసుకున్నాయి. చుట్టలు చుట్టే చేతులు కూడా తగ్గాయి. సన్నగా, బిగువుగా, మధ్యలో గాలి ఆడేలా చుట్టడం ఏళ్లు పట్టే విద్య, దానికొచ్చే కూలికి ఏ కుర్రాడూ కూర్చోడు. దీంతో కొరత భయం మళ్లీ నిజమైంది. మిగిలిన కొద్దిమంది చుట్టరాయుళ్లు మునుపటికంటే ఎక్కువ దాస్తున్నారు. వాళ్ల వయసుకీ వాళ్ల నిలవకీ లెక్క కుదరదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి ఐదేళ్ల ఆకు కొనడంలో ఒక మొండి ఆశ ఉంది, ఆ ఆశని నేను పూర్తిగా తప్పుపట్టలేను.

మరి ఆయన వెళ్లిపోయాక? పెద్దకర్మనాడు ఒక చుట్ట విస్తరాకు పక్కన పెడతారు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునే ఇళ్లలో, పంచె మీద అరిసెతో పాటు ఆయనకిష్టమైన చుట్ట కూడా ఉంటుంది. బతికుండగా దాన్ని లాక్కున్న కోడలే ఏరి మంచిది పెడుతుంది. అయితే ఏడాదికో చుట్ట చొప్పున పెద్దాయన ఎంతకని కాలుస్తాడు? అటక ఖాళీ కాదు.

మిగిలిన ఆకుకి దారి చూపించింది కడియం చుట్టుపక్కల నర్సరీలూ, పెరటితోటలూ. అరకిలో పొగాకుని నాలుగున్నర లీటర్ల నీళ్లలో ఒక రోజు నానబెట్టి, లేదా అరగంట మరగబెట్టి, వడగట్టి, సబ్బు కరిగించి కలిపి, ఆరేడు రెట్లు నీళ్లు పోసి చల్లితే పేనుబంక పోతుంది. వ్యవసాయ పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న కషాయమే. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ల అగ్నిఅస్త్రంలోనూ పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపతో పాటు పొగాకు పడుతుంది. పసిపిల్లలకి అందకుండా, చేతికి తొడుగు వేసుకుని చెయ్యాలి, అది నికోటిన్ విషం. టమాటా, మిరప, వంగ నారుల దగ్గర మాత్రం ఈ ఆకుతో జాగ్రత్త. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో ఏళ్లతరబడి చావకుండా ఉంటుంది. ఆకు ముట్టుకున్న చేత్తో నారు ముట్టుకుంటే చాలు, అంటుకుంటుంది. అందుకే నారుమళ్లలో పనిచేసేవాళ్లని చుట్ట బయటే పారేసి, సబ్బుతో చేతులు కడుక్కుని రమ్మంటారు.